బన్నుల బట్టీలో కారు కళ్ళు

పెంచలకృష్ణ కారు నడిపే తీరు చూసి తోటపల్లి గూడూరు చుట్టుపక్కల నవ్వుకోనివాళ్ళు లేరు. దారికి అడ్డంగా గేదె పడుకుని ఉంటే హారన్ కొట్టడు. అద్దం దించి, తల బయటపెట్టి, "తల్లీ, కాస్త జరుగమ్మా, లోపల పెద్దవాళ్ళుండారు" అంటాడు. గేదె జరగదు. అప్పుడు తనే దిగి, దాని వీపు నిమిరి, నాలుగు గడ్డిపరకలు చూపించి పక్కకు నడిపించుకుపోతాడు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. ఉగ్రమంతా స్వామి తన దగ్గరే అట్టిపెట్టుకుని, శాంతం మటుకు మూటగట్టి వీడికిచ్చి పంపాడని వాళ్ళమ్మ రాఘవమ్మ అంటుంది.

అతని బాడుగ కారు తెల్లది, పాతది. సముద్రపు ఉప్పుగాలికి దాని ఒళ్ళు బాగానే తట్టుకుంది గానీ కళ్ళు పోయాయి. హెడ్‌లైట్ల అద్దాల మీద పసుప్పచ్చ పొర, లోపల చెమ్మ, బూజు. దీపం వెలుగుతోందో లేదో తెలియాలంటే ఇంకో దీపం పట్టుకుని చూడాలి. ఆ మోడల్‌కు కొత్తవి దొరకడం ఎప్పుడో ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ పగటి బాడుగలతో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు అలా కుదరదు. ఊళ్ళో బేకరీ నడిపే ఆఫ్తాబ్ భార్య సానియాకు నెలలు నిండాయి. తొలిచూలు. "ఏ వేళప్పుడైనా సరే ఒక్క కేక వెయ్యి తమ్ముడూ, నెల్లూరు ఆస్పత్రి గుమ్మంలో దించే పూచీ నాది" అని మాటిచ్చేశాడు. ఆ మాటిచ్చిన వారం లోపలే ఒక మునిమాపు వేళ, రొయ్యల గుంటల మధ్య గట్టు మీద వస్తూ, నీళ్ళ మెరుపును తారురోడ్డనుకుని ముందు చక్రాన్ని గుంట అంచుదాకా పోనిచ్చాడు. కాపలాదారు అరిచాడు కాబట్టి సరిపోయింది.

సంగతి విని రాఘవమ్మ చెరుగుతున్న చేట కింద పెట్టేసింది. "ఈ గుడ్డి కారులోనా ఆ బిడ్డను ఎక్కించుకుని పోతావు? నా కంటికి పొర తీయించినావే, దానికీ తీయించరా."

ఆ మాట పట్టుకుని పెంచలకృష్ణ ఫోన్‌లో వెతికాడు. ఎవరో కుర్రాడు హెడ్‌లైట్‌ను ఓవెన్‌లో పెట్టి తీశాడు. అంచున ఉన్న జిగురు వేడికి మెత్తబడింది, అద్దం ఊడి చేతికొచ్చింది. లోపల తుడిచి, కొత్త జిగురు పెట్టి మళ్ళీ అతికించాడు. ఇదంతా ఇంట్లోనే చేసుకోవచ్చునని కూడా చెప్పాడు. ఆ కుర్రాడి ఇంట్లో ఓవెన్ ఉంది. పెంచలకృష్ణ ఇంట్లో ఇడ్లీ పాత్ర ఉంది. వేడి ఎక్కడైనా వేడే కదా అనుకున్నాడు.

కాసేపటికి మూత తీసి చూస్తే జిగురు కదల్లేదు సరిగదా, హెడ్‌లైట్ లోపల అరగ్లాసు నీళ్ళు చేరి ఉన్నాయి.

"ఏందిరా, కారు కంటికి కాపడం పెడతా ఉండావా?" అంది రాఘవమ్మ.

"పొర తీస్తా ఉండానమ్మా."

"అది నీ వైద్యం చూసి ఏడస్తా ఉండాది. ముందు నా ఇడ్లీ పాత్ర ఇట్టియ్యి."

నీళ్ళు వంపి, రెండు లైట్లనూ గోతాంలో చుట్టుకుని పెంచలకృష్ణ బేకరీకి వెళ్ళాడు. ఆఫ్తాబ్ మోచేతుల దాకా మైదాపిండితో ఉన్నాడు. గోతాం విప్పి చూసి పకపకా నవ్వాడు.

"పెంచలన్నా, ఇది బన్నులు కాల్చే బట్టీ. కార్లు కాల్చేది కాదు."

"సానియా కోసం కదబ్బాయా. దారి కనపడాల."

ఆఫ్తాబ్ నవ్వు ఆపాడు. చేతులు దులుపుకుని, "పొద్దుటి బన్నులు దించనీ. బట్టీ చల్లబడినాక చూద్దాం" అన్నాడు.

ఆ బట్టీ సరుగుడు కట్టెలతో కాలేది. వేడి చూపించే మీటరు దానికి లేదు. ఆఫ్తాబ్ చెయ్యి లోపల పెట్టి బిస్మిల్లా అనుకుంటాడు. ఆ మాట ముగిసేలోగా చెయ్యి వెనక్కి లాక్కోవలసివస్తే అది బన్నుల వేడి. "ఆ వేడికి నీ లైటు దోసె అయిపోద్ది. ఇప్పుడు నువ్వు చెయ్యి పెట్టి నీ గోవిందలు చెప్పుకో అన్నా" అన్నాడు. పెంచలకృష్ణ చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని గోవింద నామాలు మొదలుపెట్టాడు. మొదటిసారి రెండో గోవిందకే కేక పెట్టాడు. ఆఫ్తాబ్ బూడిద ఇంకాస్త బయటికి లాగాడు. మరోసారి చూస్తే మూడు గోవిందలు నిదానంగా పలికాయి. అదే హెడ్‌లైట్ వేడి అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

బల్బులూ రబ్బరు మూతలూ తీసేసి, బన్నుల రేకు మీద లైట్లు పెట్టి లోపలికి తోశారు. కొడుకు ఇంకేం పాడుచేస్తున్నాడో చూద్దామని వచ్చిన రాఘవమ్మ, రేకు బయటికి రాగానే వంగి అంచులు చూసింది. జిగురు మెరుస్తూ సాగుతోంది.

"తీగపాకం వచ్చింది. గట్టిపడేలోగా లాగండిరా" అంది, అరిసెల పొయ్యి దగ్గర చెప్పినట్టే.

లాగారు. అద్దాలు రెండూ ఊడి వచ్చాయి. ఆఫ్తాబ్ తల్లి రషీదా లోపలినుంచి టీలు తెచ్చింది, కాలిన వేళ్ళకు రాసుకోమని వెన్న తెచ్చింది.

అంతటితో అతికించేసి ఉంటే కథ లేదు. ఇంటికి తెచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచాక ఆ అద్దాలు గుడి దీపపు చిమ్నీల్లా తళతళలాడాయి. పెంచలకృష్ణకు ఒక ఆలోచన వచ్చింది. బానెట్ మీద ఎన్నిసార్లు నామం దిద్దినా ఉప్పుగాలి నాకేస్తోంది. ఈ అద్దం లోపల దిద్దితే ఏ గాలీ తాకదు, ఏ వానా తడపదు. స్వామికి ఇంతకంటే భద్రమైన గది ఎక్కడుంది? స్నానం చేసి వచ్చి, తెల్ల పెయింటు, ఎర్ర పెయింటు తీసుకుని, ఒక్కో అద్దం లోపల నిలువునా ఒక్కో నామం దిద్దాడు. జిగురు పెట్టి అతికించి, కారుకు బిగించేశాడు.

చీకటి పడ్డాక ఇంటిగోడ మీదికి లైట్లు వేశాడు. చూద్దామని ఆఫ్తాబ్ కూడా వచ్చాడు. గోడంతా తెల్లగా వెలిగింది. ఆ వెలుగు నట్టనడుమ నిలువెత్తున మూడేసి నల్లటి పట్టెలు, కింద కలుసుకుని. పెంచలకృష్ణ చేతులు జోడించాడు.

"ఎదురొచ్చేవాళ్ళందరికీ నామం పెట్టేదానికేనా అన్నా, నా బట్టీ చల్లార్చింది?" అన్నాడు ఆఫ్తాబ్.

రాఘవమ్మ నవ్వలేదు. "స్వామిని తీసుకుపోయి దీపానికి అడ్డం నిలబెట్టినావు. దారి కనపడొద్దా?"

"పక్కలకు బాగానే కనపడతా ఉండాది కదమ్మా."

"నువ్వు కారును పక్కలకు నడుపుతావా?"

పెంచలకృష్ణ తల గోక్కున్నాడు. "ఎల్లుండి బట్టీ ఖాళీ అంటా ఉండాడు ఆఫ్తాబు. మళ్ళీ తెరిచి తుడిచేస్తాలే."

సానియా ఎల్లుండి దాకా ఆగలేదు. మర్నాడు తుపాను మబ్బు పట్టి సాయంత్రమే చీకటయింది. కరెంటు పోయింది. దీపాలు పెట్టే వేళకు ఆఫ్తాబ్ కేక వినిపించింది. సానియానూ రషీదానూ వెనక, ఆఫ్తాబ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పెంచలకృష్ణ బయలుదేరాడు.

ఊరు దాటి రొయ్యల గుంటల గట్టు ఎక్కారు. గట్టుకు రెండు పక్కలా నీళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. నడవవలసిన నడుమ దారి మాత్రం నామాల నీడలో నల్లగా ఉంది. కారు ఆపేశాడు.

"తమ్ముడూ, నాకు దారి కనపడ్డంలా" అన్నాడు. వెనక సానియా మూలిగింది.

ఆఫ్తాబ్ దిగి, ఫోన్ టార్చి వెలిగించుకుని కారుకు ముందు నడవసాగాడు. ఒంటిమీద తెల్ల చొక్కా, నెత్తిన తెల్ల టోపీ. హెడ్‌లైటు వెలుగు వీపున పడగానే మెడ దగ్గర్నుంచి నడుము దాకా నిలువు నామం దిగింది.

దువా చదువుకుంటున్న రషీదా తల ఎత్తి కొడుకు వీపు చూసి, "యా అల్లా!" అని ఆగిపోయింది. సానియా నొప్పి మధ్యలోనే కిసుక్కుమంది. "నవ్వించొద్దన్నా, నీకు పుణ్యముంటాది. నవ్వితే నొప్పెక్కువవతా ఉండాది."

పెంచలకృష్ణకు గట్టు కనిపించలేదు, గుంటలూ కనిపించలేదు. నామం ఒక్కటే కనిపించింది. అది ఎడమకు వంగితే తనూ ఎడమకు తిప్పాడు. అది ఆగితే ఆగాడు. ముందు ఆఫ్తాబ్ బిస్మిల్లా అంటూ అడుగు వేస్తున్నాడు, వెనక తను గోవిందా అంటూ బ్రేకు వదులుతున్నాడు. తారురోడ్డు మీద చక్రం పడ్డాక గానీ స్టీరింగు మీద పట్టు సడలించలేదు.

ఆఫ్తాబ్ మళ్ళీ కారెక్కాడు. పెద్దరోడ్డు మీద కరెంటు పోలేదు, దీపస్తంభాలు వెలుగుతున్నాయి కాబట్టి అక్కణ్ణుంచి ఇబ్బంది లేదు. నెల్లూరు మొదట్లో మాత్రం జయకుమార్ అనే కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. వెలుగు అతని రొమ్ము మీద పడింది. కిందికి చూసుకున్నాడు.

"ఏమయ్యా, పోలీసోడికే నామం పెడ్తావా?"

పెంచలకృష్ణ నోరు తెరిచేలోగా వెనకనుంచి సానియా కేక పెట్టింది. జయకుమార్ వెంటనే బైకు ఎక్కి, ఆటోలను పక్కకు తోలుతూ ఆస్పత్రి గేటు దాకా ముందు సాగాడు. అతని వీపున కూడా నామం ఉంది. ఆ సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

వాళ్ళను పట్టపగలు ఇంటికి తెచ్చి దించాక, ఆఫ్తాబ్ ముందుగా చేసిన పని బట్టీ చల్లార్చడం. హెడ్‌లైట్లు మళ్ళీ తెరిచారు. చేతులు జోడించి చెంపలు వేసుకుని, పెంచలకృష్ణ నామాలు తుడిచాడు. వెనక అద్దం మీద లోపలివైపు, దారికి అడ్డం రాని చోట, మళ్ళీ దిద్దాడు. రాఘవమ్మ అటూ ఇటూ నడిచి చూసి, సరేనంది.

లైట్లు ఆరబెట్టిన రేకు పక్కనే బిడ్డ పేరు మీద ఊరికి పంచే తియ్యబన్నులు వేడివేడిగా ఉన్నాయి. ఆఫ్తాబ్ ఒక పొట్లం కట్టి, కింద బాడుగ మడిచి పెట్టి ఇచ్చాడు. పెంచలకృష్ణ బన్నులు తీసుకుని మిగిలింది వెనక్కి తోశాడు.

"తీసుకోన్నా. లేకుంటే ఆఫ్తాబు పెంచలయ్యకు నామం పెట్టినాడంటారు ఊళ్ళో."

"ఎవరంటారు? ఆ పూట పెట్టించుకున్నది నువ్వు కదబ్బాయా, నడుము దాకా" అని, పెంచలకృష్ణ బన్ను కొరికాడు. వీధిలో కారుకు అడ్డంగా పడుకున్న గేదెను బతిమాలడానికి ఇంకో బన్ను చేతిలో పట్టుకుని వెళ్ళాడు.