గోడ మీది నీలి చొక్కా

పెద్దబాపు పోయాడని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను జగిత్యాలలో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. లోపల మా బాపుకు ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీస్తున్నారు, పరీక్షకు పంపడానికి. "బిడ్డా, మీ పెద్దబాపు పొద్దుగాల చాయ్ తాగి గట్లనే ఒరిగిండు. డాక్టర్ అచ్చేవరకే పానం పోయింది. మీ బాపుకు జర మెల్లగ చెప్పు" అని పెద్దమ్మ ఏడ్చింది. మెల్లగా ఎలా చెప్పాలి? నాకసలే భయమెక్కువ. ఆ తలుపు ఇప్పుడే తెరుచుకోకూడదని ఒక భయం, తెరుచుకోవడం లేదేమిటని ఇంకో భయం. చివరికి చెప్పే పనే పడలేదు. బాపు బయటికొచ్చి నా ముఖం చూసి, "అన్ననా?" అన్నాడు.

పెద్దబాపు మా బాపుకు సొంత అన్న. గోడల మీద ప్రకటనలు వేసే పెయింటర్. ఒకప్పుడు సిరిసిల్ల, కోరుట్ల దారుల్లో బస్సెక్కినవాళ్లయితే ఆ సిగరెట్ బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. నీలి చొక్కా మనిషి, రెండు వేళ్ల మధ్య సిగరెట్, పక్కన 'మొనగాడి ఎంపిక' అని బారెడు అక్షరాలు. మొదట్లో కంపెనీవాళ్లు ఉత్త పెట్టె బొమ్మే వేయించేవారట. తర్వాత ఈ మనిషిని తెచ్చారు. కొన్నాళ్లకు అతని పక్కన నవ్వే భార్య వచ్చింది, ఆ తర్వాత సిగరెట్‌కు ఫిల్టర్ వచ్చింది, చివరికి ఓ మూలన హెచ్చరిక వచ్చింది. చొక్కా మాత్రం మారలేదు. మార్పు జరిగినప్పుడల్లా హైదరాబాద్ నుంచి నమూనా కాగితం వచ్చేది. పెద్దబాపు దాని మీద గళ్లు గీసుకుని, అవే గళ్లు గోడ మీద పెద్దగా కొట్టుకుని బొమ్మ దించేవాడు.

మనిషి బొమ్మ మొదటిసారి వచ్చినప్పుడే తప్పు జరిగింది. బస్సు టాపు మీద రంగు డబ్బాలతో పాటు పెట్టిన నమూనా వానకు నానింది. చొక్కా మిగిలింది, ముఖం కరిగిపోయింది. మర్నాడు కంపెనీ సూపర్‌వైజర్ వస్తున్నాడు. ఏం చేయాలో తోచక పెద్దబాపు తమ్ముణ్ని మెట్‌పల్లి రోడ్డు మీది గోడ ముందు నిలబెట్టి, వేళ్ల మధ్య సుద్దముక్క పెట్టాడు. "తమ్మీ, జర గడ్డం లేపు. ఇకిలియ్యకురా, మొనగాడు గట్లనే ఇకిలిస్తడా?" అన్నాడట. సూపర్‌వైజర్ గోడ మీద బాపు ముఖం చూసి, తమ బొమ్మ కంటే ఇదే బాగుంది, ఈ దారులన్నిటా ఇదే వేయమన్నాడు.

అప్పటికి బాపు సిగరెట్ ముట్టి ఎరగడు. జనం ఊరుకుంటేనా! చాయ్ హోటల్లో, బస్టాండులో, పెళ్లిళ్లలో, "గోడ మీద తాగుతవు గని మాతోని తాగవా?" అంటూ పెట్టె చాపేవారు. మొహమాటానికి ఒకటి, దర్జాకు ఒకటి. కొన్నాళ్లకు ఎవరూ చాపాల్సిన అవసరం లేకపోయింది.

పెద్దబాపు ఇదంతా చూస్తూ నోరు మెదపలేదు. ఆ సంగతి తనే చెప్పుకునేవాడు. "హెచ్చరిక సన్నగ రాయుమన్నరు బిడ్డా. నేను ఇంకింత సన్న బ్రష్షు కొనుక్కచ్చుకున్న. గంత పనిమంతున్ని నేను!" అని తనను తానే తిట్టుకునేవాడు. భోజనాల దగ్గర బాపు దగ్గితే చాలు, పెద్దబాపు చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

సిగరెట్ ప్రకటనలు వద్దని చట్టం వచ్చాక కంపెనీవాళ్లు మళ్లీ ఇటు రాలేదు. బొమ్మలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పెద్దబాపు స్కూటర్ మీద సున్నం బకెట్ పెట్టుకుని, తన గోడలన్నీ తనే తెల్లగా చేసుకుంటూ తిరిగాడు. గంభీరావుపేటలో ఒకాయన "మంచిగున్న బొమ్మను ఎందుకు ఖరాబ్ చేస్తున్నవే?" అని అడిగితే, "మా తమ్ముడు దగ్గుతుండు" అన్నాడట. ఆయనకేం అర్థమైందో పాపం.

సున్నం ఎన్నాళ్లాగుతుంది? వాన పడితే పాత రంగు పైకి తేలేది, పెద్దబాపు మళ్లీ బయలుదేరేవాడు. "ఆయిల్ పెయింటే ఎయ్యరాదా, ఒక్కసారికి పోతది గద?" అని నేనంటే మాట దాటేసేవాడు. ఇళ్లు కూలి కొత్తవి లేచాయి. చివరికి మెట్‌పల్లి రోడ్డు గోడ ఒక్కటే మిగిలింది.

ఆయన నాతో చివరగా అన్న మాట "రిపోర్టు అచ్చిందా బిడ్డా?" అనే. ఆయన పోయిన ముందురోజు, పొద్దున్నుంచి అది మూడో ఫోన్. "ఇంకా పరీక్షనే కాలే పెద్దబాపు, నా పానం తినకు" అని కసురుకున్నాను. ఎందుకు కసురుకున్నానో! ఇప్పుడు రోజుకు వందసార్లు నన్ను నేనే అదే మాట అడుగుతున్నాను.

పదకొండో దినం అయిన మర్నాడు బాపు సున్నం కలిపాడు. సాయంత్రం రిపోర్టు గురించి ఫోన్ చేస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పారు, ఇంట్లో ఉందామని నేనెంత బతిమాలినా వినలేదు. ఇద్దరం మెట్‌పల్లి రోడ్డుకు వెళ్లాం. ముందురోజు వానకు గోడ మీద నీలి చొక్కా తేలింది, ముఖం తేలింది, వేళ్లూ సిగరెట్టూ తేలాయి. నేను ముఖం మీదికి కుంచె ఎత్తాను.

"మొఖం ఉండనియ్యి బిడ్డా, మా అన్న చేతిది. సిగరెట్ మీద ఎయ్యి, సాలు" అన్నాడు బాపు.

సిగరెట్ మీద మూడు పూతలు వేశాను. గోడ మీది వేళ్లు ఖాళీ అయ్యాయి. ఇంతలో సంచిలో ఫోన్ మోగింది, ఆసుపత్రి నంబరు. చేతుల నిండా సున్నం. బాపును పిలుద్దామని వెనక్కి తిరిగాను. ఆయన గోడకు ఎదురుగా, ఆ బొమ్మలోలాగే రెండు వేళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. ఫోన్ ఆయనకు వినబడలేదు.

"అన్నా," అంటున్నాడు గోడతో, "గడ్డం గింత లేపితె సాలా?"