గేటు రంగు పూసిన గొడ్డలి

మా పిన్ని ఉద్యోగం రాళ్ళ పుట్టిల్లు కనిపెట్టడం. మ్యూజియం వెనక గదిలో ఒక యంత్రం ఉంది. ఆదిమానవుడి రాతి పనిముట్టు దాని కింద పెడితే, ఎక్స్‌రేలు పంపి అందులో ఏ లోహం ఎంతుందో చెబుతుంది. ఆ పాళ్ళు ఏ కొండకి సరిపోతే రాయి ఆ కొండది. ఆఫీసులో పిన్నిని రాళ్ళమ్మ అంటారు. ఇంట్లో అత్తగారు మాత్రం "ఎక్కడినుంచో వచ్చినదానివి" అంటారు. ఉప్పు ఎక్కువైనా అదే మాట, తక్కువైనా అదే మాట. పిన్ని పుట్టిల్లు నది అవతలి కొండల్లో ఉండటమే ఆమె చేసిన నేరం.

ఆ ఇంట్లో తలుపుకి అడ్డం పెట్టే నల్లరాతి గొడ్డలి ఒకటుంది. మామగారి తాత పొలంలో దొరికిందట. "మా ఇంటి వెనకాల కొండ రాయే. రాతియుగం నుంచీ ఈ నేల మాదే" అని అత్తగారు గడప తొక్కినవాళ్ళందరి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవారు. ఒక చుట్టం రుజువేమిటన్నాడు. "మా కోడలు మెషిన్లో పెట్టి చూపిస్తుంది, ఆదివారం రా" అన్నారు అత్తగారు. ఆవిడ "మా కోడలు" అనగా పిన్ని వినడం అదే మొదటిసారి. ఆ మాట నిలబడాలంటే రాయి వెనకాల కొండది కావాలి.

మ్యూజియంకి తీసుకెళ్ళి పెడితే యంత్రం పిచ్చి లెక్క చూపించింది. ఏ కొండలోనూ లేనంత జింకు. పిన్ని గోటితో గీకితే పెచ్చు ఊడింది. బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"గేటుకి వెయ్యగా కాస్త రంగు మిగిలింది. మెరుస్తుంది కదా అని..." అని నసిగాడు బాబాయ్.

"మీ వంశం రంగు డబ్బాలోంచి ఊడిపడిందండీ" అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

జింకు కలిసిన ఆ రంగు కడిగి మళ్ళీ చూసింది. ఈసారి పాళ్ళు అచ్చంగా సరిపోయాయి, నది అవతలి కొండకి. పిన్ని పుట్టింటి కొండకి. ముందు నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది. వచ్చీరాని గౌరవం ఒక రాయి మూలంగా పోయేలా ఉంది.

ఆదివారం చుట్టాల ముందు నిజమే చెప్పింది. అబద్ధం చెబితే పొద్దున్నే ఆ యంత్రం మొహం ఎలా చూడాలి? చుట్టం పగలబడి నవ్వాడు.

అందరూ వెళ్ళాక అత్తగారు గొడ్డలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్ళుంటే ఈ ఊరిదవుతుందో మీ మెషిన్ చెప్తుందా?"

"చెప్పదు అత్తయ్యా. ఎక్కడ పుట్టిందో ఒక్కటే చెప్తుంది."

"అయితే నాకూ పనికిరాదు. నేనీ ఇంటికొచ్చి యాభై ఏళ్ళయింది. పోయేముందు మీ మామగారు కూడా నన్ను ఎక్కడినుంచో వచ్చినదానివనే అన్నారు."

పిన్ని పక్కన కూర్చుంది. ఆవిడ కాస్త జరిగి చోటిచ్చారు.