పక్కింటి బామ్మ బియ్యం మూట

నా చిన్నప్పుడు మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. అమ్మ, నాన్న ఇద్దరికీ కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు. స్కూల్ బస్సు దిగాక అమ్మ వచ్చేదాకా నేను పక్కింటి బామ్మ దగ్గర ఉండేదాన్ని. ఆవిడది ఉత్తర కొరియా. దొంగతనంగా సరిహద్దు దాటి, దేశాలు తిరిగి, చివరికి ఇక్కడున్న కూతురి దగ్గరికి చేరిందని మాత్రం మాకు తెలుసు. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. నా కంచంలో మెతుకులు మిగిలితే నన్నేమీ అనకుండా తనే తినేసేది.

మంచు పడుతున్న ఒక సాయంత్రం మా వీధిలో గ్యాస్ లీకైంది. ఆ సంగతి మాకు తెలియదు. ఎవరో తలుపు దబదబా బాదారు. కిటికీలోంచి యూనిఫాం కనబడగానే బామ్మ ముఖం పాలిపోయింది. నన్ను కోట్లు తగిలించే అరలోకి లాగి, తలుపు మూసి, నా నోటిమీద అరచెయ్యి పెట్టింది. అక్కడ నేలమీద, పాత దుప్పటి కింద, ఒక బియ్యం మూట ఉంది. రెండో చెయ్యి దానిమీద వేసుకుంది.

"గ్యాస్ లీక్, బయటికి రండి" అని ఫైర్ వాళ్లు అరుస్తున్నారు. నాకు అర్థమైంది. చెబుదామంటే ఆ చెయ్యి సడలలేదు. కాసేపటికి వాసన అరలోకీ వచ్చింది.

వాళ్లు తలుపు పగలగొట్టబోతుండగా అమ్మ ఆఫీసు నుంచి వచ్చింది. బామ్మ వాళ్లింటి తాళంచెవి ఒకటి మా దగ్గర ఉండేది. లోపలికొచ్చి మమ్మల్ని వెతుక్కుంటూ అర తెరిచింది.

"ఏం కాదు, వాళ్లు హెల్ప్ చేయడానికే వచ్చారు" అంది ఇంగ్లీషులో. బామ్మ తల అడ్డంగా ఊపి మూటమీదికి వంగిపోయింది. ఆవిణ్ణి ఎత్తుకెళ్దామని ఫైర్ మనిషి ముందుకొచ్చాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు గుమ్మం దగ్గరే ఉండండి. యూనిఫాం చూసి భయపడుతున్నారు."

తర్వాత వంగి, మూటను మెల్లగా తన భుజానికెత్తుకుంది. "ఇది నేను మోస్తాను. మీ కళ్ల ముందే ఉంటుంది, రండి" అంది. నాతో తెలుగులో, "బామ్మ చెయ్యి పట్టుకో, వదలకు" అంది.

బామ్మ లేచింది. మూట కొస పట్టుకుని మంచులో మా వెంట నడిచింది.

వీధి చివర మా కార్‌లో కూర్చున్నాక, మూట ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "మా ఊళ్లో సైనికులు వచ్చారు. నేల కింద దాచిన గింజలు పట్టుకుపోయారు. ఆ చలికాలం తమ్ముడు పోయాడు."

అమ్మ హీటర్ పెంచింది. లీకు ఆపాక మూటను తనే మోసుకెళ్లి, ఎక్కడుండేదో అక్కడే పెట్టి దుప్పటి కప్పింది.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. భయంతో బిగుసుకుపోయిన మనిషి ఎదురైతే, "ఏం కాదు" అన్న మాట నాకూ నోటిదాకా వస్తుంది. ఆపుకుంటాను. ఆ మనిషి చెయ్యి దేనిమీద ఉందో ముందు చూస్తాను.