మా బావ చెకుముకి రాళ్ళు

మా బావ వరహాలబాబు ఆదివారం పెట్టిన ఏ శుభకార్యానికీ సవ్యంగా వచ్చిన పాపాన పోలేదు. నా పెళ్ళికి మాత్రం వచ్చాడు, సరిగ్గా తాళి కట్టే వేళకి, చెప్పుల నిండా ఎర్రమట్టితో. మా అక్క గవరమ్మ అప్పటినుంచి దాన్ని ఎత్తిపొడుస్తూనే ఉంది. నేనూ ఎత్తిపొడుస్తాను. బావమరిదిని, ఆ హక్కు నాకుంది.

మాది బొబ్బిలి వైపు. బావ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు కాప్రాలో. సర్వీసులో ఉండగా ఒకసారి భువనగిరి అవతల బండి ఆగిపోతే మరమ్మతుకి వెళ్ళాడు. పనయ్యాక పక్కనున్న వాగులో చేతులు కడుక్కుంటుంటే వేలు తెగింది. చూస్తే చిటికెన వేలంత చెకుముకి రాయి. ఇంకొకరైతే తిట్టుకుని విసిరేసేవారు. బావ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇది తనంతట తాను విరిగిన రాయి కాదు, ఎవడో కూర్చుని పదును పెట్టినాడు" అన్నాడట. ఇనుమంటే ఏమిటో తెలియని రోజుల్లో, కొన్ని వేల ఏళ్ళ కిందట, ఆ వాగు వెంట జింకల్ని కొట్టుకుని దుంపలు తవ్వుకుని బతికిన మనుషుల పనిముట్టు అదని తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాడు. ఇక అంతే. ఇరవై రెండేళ్ళు, ప్రతి ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి ఆ వాగు వెంట పడ్డాడు.

మొదట్లో ఆ వేటగాణ్ణి 'వాడు' అనేవాడు. పోనుపోను 'ఆయన' అయ్యాడు. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, "సూడరా కల్యాణ్, ఆయన ఇక్కడ దెబ్బ ఎలగ కొట్టేడో" అని రాయి తెచ్చి చూపించేవాడు. మీ ఆయనకి ఉన్న చుట్టాలు చాల్లేదక్కా అని నేననేవాణ్ణి.

రాయి ఇంటికొచ్చిందంటే బావకి ఫిట్టరు బుద్ధి పుట్టుకొచ్చేది. వర్క్‌షాపులో విప్పిన ఏ సామానైనా కిరసనాయిలుతో కడిగి, తుడిచి, సైజుల వారీగా డబ్బాల్లో వెయ్యాలి. ఈ బోల్టు ఏ రైలు పెట్టెదని అక్కడ ఎవరూ అడగరు, సైజెంతని అడుగుతారు. బావ రాళ్ళకీ అదే మర్యాద చేశాడు. మట్టి కనపడకుండా తోమి, కొలిచి, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో వేసి, మేడ మీద గదిలో నలభై డబ్బాలు పేర్చాడు. ఆ గదిని చూస్తే ముచ్చటేసేది, ఆ మాట బావ ముందు ఎప్పుడూ అనలేదు గానీ.

కిందటి దసరా సెలవుల్లో ప్రిసిల్లాని పిలిచాడు. ఆవిడ వర్క్‌షాపులో బావతో పనిచేసినాయన కూతురు, పురావస్తు శాస్త్రం చదివి కాలేజీలో పాఠాలు చెబుతోంది. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా బావ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గంటసేపు చూసి, "ఇవన్నీ నిజమైనవే అంకుల్" అంది. బావ మొహం వెలిగిపోయింది. తర్వాత అడిగింది.

"ఏది ఎక్కడ దొరికిందో రాసుకున్నారా?"

"వాగులోనే గదమ్మా."

"వాగు పాతిక కిలోమీటర్లుంది అంకుల్. వాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ వండుకున్నారు అన్నది చోటును బట్టే తెలుస్తుంది. మట్టి కూడా కడిగేశారు." మెల్లగానే చెప్పింది. "చోటు తెలియని రాయి పెద్దగా ఏమీ చెప్పదు."

"నానే కడిగీసేను" అన్నాడు బావ.

రెండు వారాల తర్వాత అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఆదివారం ఇంట్లోనే ఉంటన్నాడురా. నాకు బెంగగా ఉంది." ఆ రాళ్ళన్నీ ప్రహరీ గోడ పునాదిలో పోసేస్తాడట, మర్నాడే మేస్త్రీ వస్తున్నాడట. నేను వెళ్ళేసరికి బావ మేడ మీద గోనె పరిచి డబ్బాలు ఒక్కొక్కటే బోర్లిస్తున్నాడు. నోటి దాకా వచ్చిన వేళాకోళం మింగేశాను. బావ ఇరవై రెండేళ్ళూ నా కళ్ళ ముందే కుప్పగా పడుతున్నాయి. వద్దు బావా అన్నాను. వినలేదు.

ముప్పయ్యో డబ్బానో ఏమో, ఒంపుతూ ఆగాడు. పెద్ద సైజు డబ్బాలోంచి పడ్డ ముక్కా, చిన్న సైజు డబ్బాలోంచి పడ్డ ముక్కా పక్కపక్కన ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే ఎర్రచార. బావ వాటిని తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, కలిపాడు. సందు లేకుండా కూర్చున్నాయి.

మేస్త్రీని పొమ్మన్నాం. ఐదు వారాలు బావ ఆ కుప్ప ముందు నుంచి లేవలేదు. ఎర్రచార ఉన్న ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి అతికిస్తూ పోయాడు. ఆఖరికి ఇరవై మూడు ముక్కలు కలిసి పిడికిలంత రాయి తయారైంది, నడిమిన సన్నటి బోలుతో.

"మధ్య ముక్క ఏది బావా?"

"అదే గదరా ఆయనకి కావల్సింది. సేసుకుని పట్టుకెళ్ళిపోయేడు. మిగిలిందంతా పొట్టు." రాయిని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. "పొట్టు అన్ని చోట్లా పడదు. పని సేసిన కాడే పడతాది. ఇవన్నీ నాను ఒక్క చోటే ఏరుంటాను."

ఎక్కడ? అది గుర్తు రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఒక వానాకాలం, వాగు గట్టు మీద ఓ పెద్ద రాతిగుండు కింద, గొర్రెలు కాసుకునే పర్వతాలు అనే అతనితో పాటు వాన తగ్గేదాకా కూర్చున్నాడు. ఊసుపోక చుట్టూ ఉన్న పెచ్చులన్నీ ఏరి సంచీలో పోసుకున్నాడు.

ప్రిసిల్లాకి చెబితే రెండు నెలల్లో అనుమతి కాగితాలు తెచ్చుకుంది. పర్వతాలుతో కలిపి నలుగురం వెళ్ళాం. అతను మాకంటే ముందే గట్టెక్కి చూపించాడు. "గీ గుండు కిందనే గదా సారు, ఆనాడు ఇద్దరం కూసున్నం. మీరు ఏరుకుంటుంటే పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్విన."

ప్రిసిల్లా చిన్న తాపీతో మట్టి గీరుతూ, కుంచెతో తుడుస్తూ మధ్యాహ్నం దాకా పనిచేసింది. జానెడు లోతున ఎర్రచార పెచ్చు ఒకటి బయటపడింది. లోతు కొలిచి, ఫొటో తీసి, కాగితం మీద రాసుకుని, అప్పుడు దాన్ని బావ చేతిలో పెట్టింది. బావ సంచీలోంచి తను అతికించిన రాయి తీశాడు. మూడోసారికి ఆ పెచ్చు రాయి అంచున కూర్చుంది.

బావ అక్కడే మట్టిలో కూలబడి అక్కకి ఫోన్ చేశాడు. "గవరా, ఆయన దొరికేడే" అన్నాడు. ఆ వెంటనే ఫోన్ నాకిచ్చాడు.

ఎవరు దొరికారని అక్క అడగలేదు. ముక్కు ఎగబీల్చుకోవడం వినపడింది. "మీ బావని తొందరపెట్టకురా" అంది. "ఇన్నేళ్ళు ఎతికేడు. కాసేపు ఆయన కాడ కూకోనీ."