సిద్ధుల గుట్ట దిగిన ఉదయం

మా ఇంటి ఆడవాళ్ళు నడవరు. ఊళ్ళో మా దొరల గడీ ఉన్న రోజుల్లో చుట్టూ గుడ్డ కట్టిన సవారీ బండి ఉండేది. గడీ పోయి, భూములు పోయి, ఆర్మూరులో మార్కెట్ యార్డు వెనక రెండు గదుల అద్దె ఇంటికి వచ్చాక బండి స్థానంలో రిక్షా వచ్చింది. గుడ్డ మాత్రం అలాగే ఉంది. గుడికైనా దవాఖానకైనా మాకు అలవాటైన రిక్షా అతనొకడు వచ్చి, ముందు దుప్పటి అడ్డం కట్టి, నన్నూ మా మేనత్తనూ తీసుకుపోయేవాడు. ఎనభైల చివర్లో అతను దుబాయి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే నాకు ఉద్యోగం వచ్చింది. పాత బస్టాండు దగ్గరి ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే టీచరు కాన్పుకు పోయింది. నేను ఇంట్లోనే ఉండి చదివి బీయే పాసయ్యాను. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. మేనత్త వద్దనలేదు. దుప్పటి కట్టిన రిక్షాలో పోయేటట్టయితే పొమ్మంది. మా ఆయన బజారులో రిక్షావాళ్ళను అడిగితే, లోపల కొత్త పెండ్లికూతురు ఉన్నదా అని నవ్వారట.

మా ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరు. కమ్మర్‌పల్లి వైపు పసుపు పండించే రైతుల ఇంటి మనిషి. మా ఇంట్లో మగదిక్కు లేదని ఇల్లరికం వచ్చారు. సైకిలు మీద దింపుతానన్నారు. క్యారియర్ మీద బస్తాలా కూర్చొని బజారు దాటడం నావల్ల కాదన్నాను. గుడ్డ లేని రిక్షాలో బొమ్మలా ఊరేగడం అసలే కాదు. ఇక మిగిలినవి నా కాళ్ళు. నడిచే పోతానని చెప్పాను. మేనత్త నా వైపు చూసి, తమలపాకుకు సున్నం రాసుకుంది.

తీరా బయలుదేరితే నడక కూడా నేర్చుకోవలసిన పనేనని తెలిసింది. ఒక చేత్తో నెత్తి మీది కొంగును గడ్డం కింద పట్టుకొని, కాలి వేళ్ళనే చూసుకుంటూ చిన్న చిన్న అడుగులు వేయడమే నాకు వచ్చు. జనం లేవకముందు చీకట్లో నడిచి అలవాటు చేసుకుందామన్నారు మా ఆయన. రోజూ తెల్లవారుజామున బయలుదేరేవాళ్ళం. ఒకరోజు దారిలో పడుకున్న బర్రెను చూసుకోక కొంచెంలో దాని మీద కూర్చునేదాన్ని. బర్రె కూడా లేవలేదు, అంత నెమ్మదిగా నడిచాను.

ఆదివారం నాడు గుట్ట ఎక్కుదామన్నారు. సూర్యుడు పొడిచేసరికి ఊరి పక్కనున్న సిద్ధుల గుట్ట మీద ఉంటే, మర్నాడు బజారు ఒక లెక్కలోకి రాదన్నారు. సరేనన్నాను. బడికి పోగలనో లేనో ఆ గుట్ట మీదే తేల్చుకోవాలనుకున్నాను.

కొంత దూరం మెట్లున్నాయి. ఆ తర్వాత మెట్లు వదిలి తూర్పు వైపు బండల్లోకి తిరిగాం. బ్యాటరీ లైటు వెలుగులో ఆ నల్లరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టినట్టు కనిపించాయి. కొన్ని ఇంటికన్నా పెద్దవి. వాటి సందుల్లోంచి గబ్బిలాల వాసన వస్తోంది. మా ఆయన ముందు నడుస్తూ, "మీ తాతలు కనపడ్డదంతా మాదే అన్నరట గద. కొలుసుకో ఇగ," అన్నారు. నా ఊపిరి మాటకు సరిపోలేదు గానీ సరిపోతే బదులు చెప్పేదాన్నే.

పైకి పోయే ముందు రెండు బండల మధ్య నిటారు సందు ఒకటి వచ్చింది. ఆయన ఎక్కి పైనుంచి చెయ్యి చాపారు. నా ఒక చెయ్యి రాతి మీద ఉంది, ఒక చెయ్యి కొంగు పట్టుకొని ఉంది. ఎటు ప్రయత్నించినా కాలు జారుతోంది. చీకట్లో నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ చెయ్యి కొంగును వదలడం లేదు.

"కొంగన్న ఇడువు, నా చెయ్యన్న పట్టు. రెండు కాదంటే గీడనే కాపురం పెడదాం," అన్నారు.

కొంగు వదిలి, గట్టిగా నడుముకు దోపుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకోలేదు. రెండు చేతులూ రాతికి ఆనించి, మోకాలు గీసుకుపోతున్నా పైకి వచ్చాను. నెత్తి మీద గుడ్డ లేకుండా గాలి తగలడం పెండ్లయ్యాక అదే మొదటిసారి. చెవుల దగ్గర చల్లగా, కొత్తగా ఉంది.

పైన కూర్చున్నాం. కింద ఊరి దీపాలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. పసుపు ఉడకబెట్టే చోట్ల నుంచి పొగ లేచి చేల మీద పరుచుకుంది. నిజామాబాద్ రోడ్డు మీద లారీలు చీమల్లా పోతున్నాయి. ఎర్రటి సూర్యుడు పైకి వచ్చాడు. నల్లరాళ్ళన్నీ ఒక పక్క రాగి రంగు తేలాయి. నేను పుట్టి పెరిగిన నేలను నేను అప్పటిదాకా చూడలేదు.

అప్పుడు తట్టింది. ఎక్కడానికి చీకటి ఉంది. దిగడానికి లేదు.

ఆయన వైపు చూశాను. ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది, తల గోక్కున్నారు. నన్ను అక్కడే కూర్చోబెట్టి తాను పోయి రిక్షా, దుప్పటి తెస్తానన్నారు. గుట్ట వెనక నుంచి చేల గట్ల మీదుగా ఒక కాలిబాట ఉందని, అటు ఎవరూ రారని కూడా అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఇవాళ దుప్పటి కావాలంటే రేపూ కావాలి. ఇవాళ గట్ల మీదుగా దాక్కుంటూ పోతే ఆ బడి నాది కాదు.

"పెద్ద తొవ్వ మీదనే పోదాం," అన్నాను. "మీరు ముందల నడువకుర్రి. నా పక్కకు నడువుర్రి."

గుట్ట కింద ఒక కల్లంలో ఆడవాళ్ళు ఉడికిన పసుపు కొమ్ములు ఎండకు పరుస్తున్నారు. వాళ్ళలో ఒక ముసలామె మా గడీ ఉన్న ఊరిదే, మా పొలాల్లో కలుపు తీసిన మనిషి. నన్ను గుర్తుపట్టి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. నా చెయ్యి కొంగు కోసం లేచింది. దించుకున్నాను.

"ఎవలు, మా దొరసానా? దొరసానులకు గూడ కాళ్ళుంటయని ఇయ్యాల్నే చూస్తున్న," అంది.

కల్లమంతా నవ్వింది. మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆయన మాట్లాడకముందే నేను ఆగి ఆమె ముఖంలోకి చూశాను.

"ఉన్నయి. నడిచి బడికి పోత. రేపు పెద్ద బజార్ల నిలబడు, మల్ల చూద్దువు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పో బిడ్డా, మంచిగ పో," అని మళ్ళీ పసుపు మీదికి వంగింది.

ఇంటికి వచ్చాక మేనత్త నా నడుముకు ఉన్న కొంగును చూసింది, గీసుకుపోయిన మోకాలిని చూసింది. కొబ్బరినూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది.

సోమవారం ఎండ బాగా ఎక్కాకే బయలుదేరాను. తోడు రావద్దని మా ఆయనకు ముందే చెప్పాను. గుట్ట ఎక్కి దిగినందుకు రాత్రికి రాత్రి పిక్కలు కట్టెల్లా బిగుసుకుపోయాయి. మోకాళ్ళు వంగడం లేదు. వంగితే పడతానని వీపు నిటారుగా పెట్టి, తల ఎత్తి, ఒక్కొక్క అడుగు కొలిచినట్టు వేస్తూ బజారు నడిమధ్య నుంచి పోయాను. పసుపు బస్తాలు దించేవాళ్ళు పక్కకు జరిగారు. ఒక దుకాణం ముందు ఎవరో, ఆస్తి పోయినా గడీ పొగరు పోలేదు, నడక చూడు అన్నారు.

వినపడింది. అలా అనుకోవడమే మంచిదని, అదే నడకతో బడి గేటు దాకా పోయాను.