ఇటొచ్చి కూర్చున్నంత మాత్రాన

మా వీధి అంగన్‌వాడీ టీచరుగారు పోయారు. గుడివాడలో కూతురింటికి వెళ్లినప్పుడు గుండెపోటు వచ్చిందట. పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి చెబుతుంటే, చేతిలో గిన్నెతో విని, లోపలికెళ్లి పాలు కాచాను. ఏడవడానికి కూడా ఓపిక కావాలని ఆ పూట తెలిసింది.

మాది చిలకలపూడి. ఇంట్లోనే గిల్టు నగలకు రాళ్లు అతికిస్తాను. మా ఆయన బోటు మీద సముద్రంలో వేటకి వెళ్తే వారం పది రోజులకి గానీ ఇంటికి రాడు. పగలంతా వంచిన మెడ సాయంత్రానికి ఎత్తలేను. సరిగ్గా అప్పుడే మా పిల్ల వీపెక్కి గుర్రం ఆడమనేది. అప్పటికి దానికి మూడేళ్లు. తలనొప్పే అంటే ఓ ముద్దు పెట్టి మళ్లీ ఎక్కేది. ఎదుటి మనిషికీ ఓ ప్రాణం ఉంటుందని దీనికి ఎప్పటికైనా తెలుస్తుందా అని నాకు బెంగ. ఒంటిచేత్తో పిల్లల్ని పెంచినవాళ్లు మీలో ఉంటే, వేరే చెప్పక్కర్లేదు.

ఆ మాటే టీచరుగారితో అంటే నవ్వారు. "దాని కడుపు నిండితే ఊరంతా తిన్నట్టేనమ్మా దానికి. అది స్వార్థం కాదు, వయసు."

ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అయినా పిల్లలతో మాట్లాడాలంటే గోడ పట్టుకుని, "యేసయ్యా" అనుకుంటూ నేలమీద కూర్చునేవారు. ఓసారి నన్నూ కూర్చోబెట్టారు. "ఇక్కణ్ణించి చూడు, పెద్దోళ్లంతా మోకాళ్లే!" నిజమే, అన్నీ మోకాళ్లే.

బోటు ఒడ్డుకొచ్చాక మా ఆయన ఫోన్ చేసి "అన్నం తిన్నావా తల్లీ" అంటే, పిల్ల తలూపేది. అటు ఆయన హలో హలో అని ఒకటే అరుపులు. ఓసారి నేను విసుక్కున్నాను. టీచరుగారు మాత్రం, "తను ఊపింది నాన్న చూశాడనే అనుకుంటంది, తిట్టకు" అన్నారు.

వాళ్ల కేంద్రంలో చేపల బేరం ఆట ఉండేది. బాదం ఆకులే చేపలు. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి, కాసేపటికి చోట్లు మారాలి. మా పిల్ల కొనే వైపుకి వచ్చి కూడా, "ఆ రేటుకి రాదమ్మా, కుదరదు!" అని అరిచేది. అందరూ నవ్వితే ఏడుపు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

"ఇటొచ్చి కూర్చున్నంత మాత్రాన ఇటు మనిషైపోరమ్మా. పెద్దోళ్లమే అవ్వట్లా" అని టీచరుగారు మళ్లీ చోట్లు మార్చి, మళ్లీ ఆడించేవారు.

"విసుగు రాదా అండీ?"

"ఎందుకు రాదూ? వాళ్లకేం తెలుసు, నా విసుగు!"

అంత విసుగునీ ఆవిడ ఎక్కడ దాచుకున్నారో నాకు తెలీదు. నాకైతే దాచుకునే చోటు లేదు. ఆవిడ దగ్గర కాసేపు కూర్చుంటే మళ్లీ ఇంటికి వెళ్లగలిగేదాన్ని. అంతే నాకు కావలసింది.

నిన్న సమాధుల దొడ్డిలో టీచరుగారిని సాగనంపి, ఏడ్చి ఏడ్చి పిల్లతో తిరిగొచ్చి, చాప మీద వాలిపోయాను. ఇప్పుడు దానికి ఐదేళ్లు. టీవీలో బొమ్మలు పెట్టుకుంది. కాసేపటికి దగ్గరికొచ్చి, వంగి నా మొహంలోకి చూసింది. నేను కళ్లు తెరవలేదు. వెళ్లి టీవీ సౌండు తీసేసింది.

ఇంతలో నగల కోసం షాపు మనిషి వచ్చి గుమ్మంలోంచి కేకేశాడు.

"అరవకండి మావయ్యా. మా అమ్మ టీచరుగారి కోసం ఏడ్చింది. ఇప్పుడే పడుకుంది. రేపు రండి."

అతను చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. రెప్పల సందులోంచి చూస్తే, అది తలుపు దగ్గరగా వేసి, తలుపుకీ నాకూ మధ్య కూర్చుని, సౌండు లేని బొమ్మలు చూస్తోంది. నేను నిద్రపోలేదని దానికి తెలియకూడదని, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంటూ పడుకున్నాను.