జవాబు వచ్చేదాకా

మా ముత్తాత రామచంద్ర నాయనివారు పుంగనూరుకు ఉత్తరాన ఉన్న ఊళ్ళకు పెద్ద. తగవు వస్తే జనం తాలూకా కచేరీకి పోయే ముందు ఆయన అరుగు దగ్గరికి వచ్చేవారు. ఆయన కొడుకు, మా తాత వెంకటపతి నాయనివారు, గుర్రమెక్కి కలకడ దాకా పోతుంటే చేలల్లో పనిచేసేవాళ్ళు గట్టెక్కి నిలబడేవారట. మా నాన్న కాలానికి గుర్రమూ లేదు, నిలబడేవారూ లేరు. పేరు చివర 'నాయనివారు' అన్న మాట మాత్రం మిగిలింది. గొప్పకు చెప్పడం లేదు. నేను ఎలాంటి ఇంటినుంచి వచ్చానో తెలియకపోతే సరోజా మేడమ్ నాకు ఏం నేర్పారో చెప్పడం కష్టం.

ఈ ఉదయం కూడా మదనపల్లెలో మా ఆఫీసు కిటికీ తెరవగానే టమోటాల వాసన వచ్చింది. మార్కెట్టుకు పోయే బండ్లు కిందనే మలుపు తిరుగుతాయి. మగ్గిన పండు, చితికి పులిసిన పండు, తడిసిన దుమ్ము, అన్నీ కలిసిన వాసన అది. టేబుల్ మీది కంప్యూటర్లో బ్రౌజరు తనంతట తానే తెరుచుకుని, వెతికే పెట్టెలో 'పుంగనూరు' అని ఒక్కో అక్షరమే కొట్టి ఆగింది. ధర కనిపించేదాకా అలాగే ఉండి, కనిపించాక 'పలమనేరు' మొదలుపెట్టింది. అది అలా ఆగినప్పుడల్లా సరోజా మేడమ్ గుర్తొస్తారు.

ఆమెది కుప్పం. గొర్రెలు మేపుకున్న ఇల్లు. బెంగుళూరు కంపెనీల్లో చాలా ఏళ్ళు ప్రోగ్రాములు రాసి, విసుగొచ్చి, మదనపల్లెలో విత్తనాల కొట్టు మీద రెండు గదులు తీసుకున్నారు. అప్పటికి నేను ఇంజనీరింగ్ చదివి ఇంట్లో ఉన్నాను. ఒకరి కింద పనిచేయడం మా వంశంలో లేదని మా అవ్వ అనేది. ఆ మాటతో పూట గడవదు కాబట్టి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె ఫోనులో మాట్లాడుతూ బెంచీ వైపు చెయ్యి చూపారు. నేను కూర్చోలేదు. మాట అయ్యేదాకా తలుపు పక్కన నిటారుగా నిలబడ్డాను.

"కూర్చోమంటే యాల కూర్చోలేదు?" అన్నారు ఫోను పెట్టేసి.

"బెంచీ మీద కూర్చుని ఎదురుచూసే అలవాటు లేదండీ."

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసి నవ్వారు. "పనికి వచ్చినావా, కప్పం వసూలుకు వచ్చినావా సామీ?"

ఆ నవ్వుకు వెనక్కి తిరిగి మెట్లు దిగవలసింది. దిగలేదు. పని ఏమిటని అడిగాను.

కుప్పం వైపు టమోటా రైతులు ఒక సంఘంగా చేరారు. పొద్దున్నే బండి బయలుదేరేలోగా చుట్టుపక్కల మార్కెట్లలో ధరలు వాళ్ళకు తెలియాలి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, అవతల కోలారు, కృష్ణగిరి. ధరలన్నీ ఒక వెబ్‌సైటులో ఉంటాయి కానీ ఒక్కో ఊరి పేరూ విడిగా కొట్టి వెతకాలి. ఆ పనంతా బ్రౌజరు చేతనే చేయించే ప్రోగ్రాము జావాస్క్రిప్టులో రాయాలి. అప్పటికి ఆఫీసుకు ఉన్న పని అదొక్కటే.

"ఈ సీజను వాళ్ళకు నచ్చితే ఆఫీసు ఉంటాది," అన్నారు మేడమ్. "నచ్చలేదంటే తాళమేసి నేను కుప్పం పోతా, నువ్వు మీ కోటకు పో."

ప్రోగ్రాము త్వరగానే రాశాను. ఊళ్ళ పేర్లు వరుసగా పెట్టి, ప్రతి పేరుకూ ఒకే ఆజ్ఞ ఇచ్చాను: పేరు కొట్టు, బటన్ నొక్కు, ధర తీసుకురా. కన్ను మూసి తెరిచేలోగా ధరలన్నీ వచ్చేశాయి. ఆ వేగం చూసి నాకు చాలా సంతోషమేసింది. మరుసటి పొద్దున వాటిని కుప్పం పంపాము. కాసేపటికే సంఘం పెద్ద క్రిష్ణప్ప ఫోను చేశాడు.

"ఏందమ్మా ఇది, పుంగనూరుకూ కృష్ణగిరికీ పైసా తేడా లేకుండా ఒకే రేటు పడిండాది! బండి లోడుతో వి.కోట కాడ నిలబడుండాది. డ్రైవరు ఇట్ల పుంగనూరా, అట్ల కోలారా అంటాండాడు. ఏం సెప్పల్ల?"

మేడమ్ సైటు తెరిచి, ఒక్కో ఊరూ తానే వెతికి, ధరలు చదివి వినిపించారు. బండి కోలారుకు తిరిగింది. క్రిష్ణప్ప ఫోను పెట్టేస్తూ, "ఇంగో తూరి ఇట్లయితే మాకొద్దమ్మా," అన్నాడు.

ఆమె నన్ను తిట్టలేదు. ప్రోగ్రామును తెర మీద కనబడేలా నడపమన్నారు. ఒకే పెట్టెలో పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. 'పుంపకోల' అని ఏ దేశంలోనూ లేని ఊరొకటి తయారైంది. దానికి ధర రాక, పేజీలో అంతకుముందే ఉన్న ఒక్క ధరనే ప్రోగ్రాము అన్ని ఊళ్ళ కిందా రాసుకుంది.

"మీ ఇంట్లో కాఫీ కావాలంటే ఏం జేస్తారు?" అని అడిగారు.

"మా అవ్వ చెప్తుంది."

"ఎవురికి?"

"ఎవరు కనబడితే వాళ్ళకి."

"తెచ్చినారా లేదా అని సూస్తారా?"

"తెస్తారు," అన్నాను.

"అదీ సంగతి. నీ కోడు అచ్చం మీ అవ్వ. అందరికీ ఒకేసారి హుకుం ఏసేసి, ఎవురు ఏం తెచ్చినారో సూడకుండా లోపలికి పోయింది."

నేను రాసిన ఫర్‌ఈచ్ అనే పద్ధతి చేసేది సరిగ్గా అదే. పేరు పేరుకూ ఆజ్ఞ ఇస్తుంది, ఎవరికోసమూ ఆగదు. ఒకే పనిని వరుసగా మళ్ళీ మళ్ళీ చేయించే మామూలు లూపు రాసి, ప్రతి అడుగు ముందూ అవైట్ అని పెడితే, ఒక ఊరి జవాబు అందాకే రెండో ఊరికి పోతుంది. ఆ మాటకు అర్థం ఎదురుచూడమని. అది పుస్తకంలో చదివాను కూడా. అయినా లూపు రాసేటప్పుడు నా చేతికి రాలేదు. మా ఇంట్లో ఎదురుచూడడం ఎప్పుడూ ఎదుటివాళ్ళ పని.

ఓడిపోవడం ఇష్టం లేక, "బ్రౌజరులో ఒక్కో ఊరికి ఒక్కో కిటికీ తెరుస్తాను. అప్పుడు కలవవు కదా?" అన్నాను.

"కలవవు. కానీ ఆ సైటు శానా నీరసంది. ఇన్ని కిటికీలు ఒకేసారి మీద పడితే పడుకునేస్తాది. ఒకరింటికి ధర అడిగేదానికి పోయి తలుపు ఇరగ్గొడతామా?"

కొన్ని రోజులు ప్రోగ్రాము పక్కన పెట్టించి, పొద్దున్నే ధరలు నా చేతనే వెతికించారు. పేరు కొట్టాలి, పేజీ వచ్చేదాకా చూడాలి, ధర రాసుకోవాలి, తర్వాతి పేరు కొట్టాలి. పేజీ నెమ్మదిగా వచ్చేది. ఆ సందులో ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసేవారు, ఏదో ఒకటి చెప్పేవారు. కుప్పంలో మూడు భాషలు కలిపి గొర్రెల్ని అదిలించే వాళ్ళ నాయన గురించి, బెంగుళూరులో తనను పేరు పెట్టి కాక ఉద్యోగి నంబరు పెట్టి పిలిచిన మేనేజరు గురించి. నేను వినేవాణ్ణి. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా నేను వినడం బహుశా అప్పుడే మొదలైంది. బెంచీ మీదే కూర్చున్నానని కూడా ఆలస్యంగా గమనించాను.

ఒకరోజు కృష్ణగిరి ధర ఎంతసేపటికీ రాలేదు. నేను తెరవైపే చూస్తూ ఉండిపోయాను.

"ఇంకా సూస్తాండావా?" అన్నారు.

"మీరే కదా మేడమ్ ఎదురుచూడమన్నది."

"దానికీ ఒక హద్దుండల్ల సామీ. అంతవరకూ మర్యాదగా సూడు. రాలేదంటే రాలేదని రాసుకుని ముందుకు పో. ఒక ఊరు పలకలేదని మిగతా ఊర్లను ఆపొద్దు. నిన్నటి రేటు ఎత్తి ఈరోజు కింద పెట్టొద్దు."

ఎదురుచూపుకూ హద్దుందన్న ఆ మాట నాలోని అహంకారానికి కూడా నచ్చింది. ప్రతి ఊరికీ కొంత గడువు పెట్టి, అది దాటితే 'ఈరోజు ధర రాలేదు' అని రాసి తర్వాతి ఊరికి పోయేలా ప్రోగ్రాము మార్చాను.

అది పట్టుకుని ఇద్దరమూ కుప్పం వెళ్ళాము. సంఘం షెడ్డులో క్రేట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి నడిపాను. రైతులు చుట్టూ నిలబడ్డారు. బ్రౌజరు ఒక్కో పేరే కొట్టి ఆగుతుంటే ఒకాయన, "ఏందప్పా, మా ముసలెద్దు మాదిరి పోతాండాది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఏదో అనబోయాను. మేడమ్ కళ్ళతోనే ఆగమన్నారు. ఆగాను. పలమనేరు దగ్గర గడువు దాటి, 'ఈరోజు ధర రాలేదు' అని పడింది. క్రిష్ణప్ప వంగి దాన్ని చదివి, జేబులోంచి ఫోను తీసి పలమనేరులో ఎవరితోనో మాట్లాడాడు.

"ఆడ ఈపొద్దు వేలం పాటే కాలేదంట," అన్నాడు మా వైపు తిరిగి. "తెలీనిది తెలీదని సెప్తాండాదే! నాకిది సాలప్పా. రేపట్నుంచి పంపండి."

ఆ సీజనూ ఆఫీసు నిలిచింది, తర్వాతివీ నిలిచాయి. పెద్దమండ్యం, కలకడ రైతులు కూడా వచ్చి చేరారు. తర్వాత ఆమెకు గుండెజబ్బు వచ్చింది. ఒక ఉదయం మెట్లెక్కి వచ్చి, ఊపిరి కుదుటపడేదాకా బెంచీ మీద కూర్చుని, "ఇంగ నావల్ల కాదు సామీ. కుప్పం పోతాండా. ఆఫీసు మూసేద్దాం. నీకు బెంగుళూరులో సెప్పి పెట్టినా," అన్నారు.

"మూయొద్దు మేడమ్. నేను తీసుకుంటాను."

"ఏం పెట్టి?"

"కొంచెం టైమివ్వండి."

"ఇస్తా," అని నవ్వారు. "హద్దు పెట్టుకునే సూస్తా."

ఆ సాయంత్రం మా నాన్న ఎదుట కూర్చుని విషయమంతా చెప్పాను. మా ఇంట్లో మగవాళ్ళు అడగరు, చెప్పి లేచిపోతారు. నేను అడిగి, లేవకుండా కూర్చున్నాను. ఆయన చాలాసేపు పలకలేదు. మధ్యలో మాట అందించాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. చివరికి ఆయన, "టమోటా రేట్లు సెప్పేదానికా?" అన్నారు.

"అవును నాన్నా. మన పక్కన పండించేవాళ్ళకు."

మళ్ళీ ఆగాను. "కానీయ్," అన్నారు. మా నాన్న ఒక మాటకు ఒప్పుకోగా నేను విన్నది అప్పుడే.

ఆ కబురు ఫోనులో చెబితే మేడమ్, "గడువు లోపలే పలికినావే దొరా!" అన్నారు. ఆమె ఇప్పుడు లేరు. ఈ గదుల్లో కొత్తగా చేరినవాళ్ళకు లూపు రాయడం నేనే నేర్పుతాను. మధ్యలో ఎవరైనా తడబడితే మాట అందించను. వాళ్ళంతట వాళ్ళు పూర్తిచేసేదాకా కూర్చుంటాను. రైతు ఫోను చేసినా అంతే. వెన్ను ఇంకా నిటారుగానే ఉంటుంది, అది పోలేదు.

ఆఫీసు నా చేతికి వచ్చిన వేసవిలో, దానికి డబ్బు కట్టడానికి, పెద్దమండ్యం దగ్గర మాకు మిగిలిన ఆఖరి మెట్టచేను అమ్మేశాము.